అహవా నది యొద్ద లెక్క

(పరదేశమునకు బయలుదేరు కుటుంబముల కొరకు ఈ నెల పాఠము)

చదువవలసిన భాగములు: ఎజ్రా 8:15–34, లూకా 14:28–30, ఆదికాండము 31:38–42.
కంఠస్థము చేయవలసిన వాక్యము: లూకా 14:28.



ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక నీలిరంగు పుస్తకమును పాదిరిగారి చేతిలో ఉంచి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి, వచ్చేవారం కువైటు వెళ్తున్నాను" అని చెప్పువారు మన సంఘములలో తక్కువమంది కారు. గోదావరి జిల్లాల నుండియు, కడప సీమ నుండియు అనేకులైన స్త్రీలు ఇంటిపనికి వెళ్లుచున్నారు. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల నుండి పురుషులు కట్టడపు పనులకు దుబాయి, సౌదీ, మస్కటు వెళ్లుచున్నారు. వీరిలో మన బిడ్డలు, మన కోడండ్రు, మనతో బల్ల యొద్ద కూర్చుండువారు ఉన్నారు.

నేను అట్టి పాస్‌పోర్టులు అనేకముల మీద చేయి ఉంచి ప్రార్థించితిని. వాటిలో ఒకదానిని తలంచుకొనిన ప్రతిసారి నాకు సిగ్గు కలుగును. ఆ సహోదరుడు అర ఎకరము పొలము గలవాడు, కష్టజీవి. నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,80,000 రూపాయలు తెచ్చి ఒక ఏజెంటు చేతిలో పోసెను. ఆ సంగతి నాకు తరువాత తెలిసినది. బయలుదేరు దినమున అతడు, "అంతా దేవుడే చూసుకుంటాడు అయ్యగారూ" అనెను. నేను "ఆమేన్" అంటిని. చెప్పిన జీతము అక్కడ దొరకలేదు. 14 నెలలకు అతడు వట్టి చేతులతో తిరిగివచ్చెను. అప్పటికి వడ్డీ పెరిగి, అర ఎకరము అప్పులవాని పాలాయెను. ఒక దినమున అతని భార్య నాతో, "ఆ రోజు మీరు ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది అయ్యగారూ. మీరడిగితే ఆయన చెప్పేవాడు" అనెను. ఆమె కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాట నాలో నిలిచిపోయినది.

ఆ ఒక్కమాట ఏది? దానినే ఈ నెల పాఠముగా ధ్యానింతము.

1. ఎజ్రా ప్రార్థించెను, ఎజ్రా తూచెను

ఎజ్రాయు అతనితోకూడిన వారును బబులోను నుండి యెరూషలేమునకు చేసిన ప్రయాణము పట్టిన కాలము నాలుగు నెలలు (ఎజ్రా 7:9). వారితో చిన్న పిల్లలు ఉన్నారు, ఆస్తి ఉన్నది, మందిరమునకు ఇయ్యబడిన వెండి బంగారములు ఉన్నవి. దారిలో పొంచియుండు శత్రువుల భయము ఉన్నది. రాజునడిగినయెడల సైనికులను ఇచ్చియుండును. అయితే తన దేవుని కాపుదలను గూర్చి రాజు ఎదుట ముందుగానే సాక్ష్యమిచ్చియుండుటచేత, ఆలాగు అడుగుటకు ఎజ్రా సిగ్గుపడెను. కాబట్టి అహవా నది యొద్ద ఉపవాసము చాటించి, క్షేమకరమైన మార్గము కొరకు అందరును దేవుని వేడుకొనిరి.

ఈ సంగతిని మనము ప్రసంగములలో తరచుగా వినియున్నాము. అయితే ఉపవాసము ముగిసిన వెంటనే ఎజ్రా ఏమి చేసెనో గమనించుడి. 24వ వచనము మొదలు చదువుడి. యాజకులలో పన్నెండుమందిని ఏర్పరచెను. వెండి ఎంత, బంగారము ఎంత, పాత్రలు ఎన్ని అని తూచి వారి చేతికి అప్పగించెను. గమ్యము చేరువరకు జాగ్రత్తగా కాపాడవలెనని ఆజ్ఞాపించెను. యెరూషలేము చేరి మూడు దినములు అలసట తీర్చుకొని, నాలుగవ దినమున మరల తూచి, లెక్కించి, ఆ మొత్తమును వ్రాసి ఉంచిరి.

సైనికులను అడుగని విశ్వాసవీరుడు త్రాసును విడిచిపెట్టలేదు. దేవుని నమ్మినవాడు లెక్క చూచుట అవిశ్వాసమని అతడు ఎంచలేదు. ప్రార్థనయు లెక్కయు ఒకే నది యొద్ద, ఒకే చేతులతో జరిగెను. మన సహోదరుని విషయములో నేను మొదటిది చేసి రెండవది విడిచితిని.

మన ప్రభువు కూడ గోపురము కట్టగోరినవాని గూర్చి చెప్పినప్పుడు, అతడు మొదట కూర్చుండి తగులుబడి లెక్కచూచునని చెప్పెను (లూకా 14:28). కూర్చుండి అను మాటను గమనించుడి. ఏజెంటు గుమ్మములో నిలువబడి, "రేపటికి డబ్బు కట్టకపోతే వీసా పోతుంది" అని తొందరపెట్టునప్పుడు నిలుచుండియే ఉత్తరమియ్యకూడదు. కూర్చుండవలెను. భార్యాభర్తలు కూర్చుండవలెను. కాగితము, కలము తెచ్చుకొనవలెను.

2. ఏమేమి వ్రాయవలెను?

మనవారు సాధారణముగా వ్రాయునది ఒకే వరుస: "ఏజెంటుకు ఇంత." అది తగులుబడి కాదు, అందులో ఒక భాగము మాత్రమే. లెక్కను నాలుగు భాగములుగా వ్రాయుడి.

మొదటి భాగము, బయలుదేరుటకు ముందు ఖర్చు. సాధారణ పాస్‌పోర్టుకు ప్రభుత్వ రుసుము 1,500 రూపాయలు. తరువాత వైద్యపరీక్ష, పత్రములు, ఫోటోలు, హైదరాబాదునకో చెన్నైకో రెండు మూడుసార్లు రాకపోకలు, ఆ దినములలో పోయిన కూలి, బట్టలు, పెట్టె, చేతి ఖర్చు. పోయిన కూలిని ఎవరును వ్రాయరు. అదియు ఖర్చే.

ఏజెంటు రుసుము విషయములో చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుడి. 1983 నాటి వలస చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజెంటు ఒక మనిషి యొద్ద 30,000 రూపాయలకు మించి తీసికొనరాదు. దానిమీద 18 శాతము పన్ను 5,400 రూపాయలు. మొత్తము 35,400. దానికి రసీదు ఇయ్యవలెను. ఊరూరు తిరిగి మనుష్యులను పోగుచేయు సబ్-ఏజెంటునకు చట్టములో చోటు లేదు. లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వమువారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు ఉన్నదో లేదో చూడవచ్చును. మీకు చూచుట తెలియనియెడల సంఘములో చదువుకొనుచున్న ఏ పిల్లవానినైనను అడుగుడి, చూచి చెప్పును.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు మీద సాధారణముగా వలస అనుమతి కావలెనని గుర్తు ఉండును. అట్టివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పనికి వెళ్లుటకు ప్రభుత్వ అనుమతి పొందవలెను. ఆ దేశములకు ఇంటిపనికి వెళ్లు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను. అట్టి స్త్రీలను పంపుట ప్రభుత్వ సంస్థల ద్వారానే జరుగవలెనను నియమము కూడ ఉన్నది. ఇవి మనలను అడ్డగించుటకు పెట్టిన గోడలని కొందరు తలంచుదురు. ఇవి ఇంటి మిద్దె మీది పిట్టగోడ వంటివి (ద్వితీయోపదేశకాండము 22:8). దానిని దాటించి విజిట్ వీసా మీద పంపెదనని ఎవడైనను చెప్పినయెడల, పడిపోవువాడు అతడు కాడు, మీరే.

ఇంకొక మాట. "ఫ్రీ వీసా", "ఆజాద్ వీసా" అని మనవారు పిలుచునది ఉచితమైనది కాదు. కాగితము మీద ఒక యజమానుడు ఉండును, పని మాత్రము వెళ్లినవాడే వెదకికొనవలెను. ఒకని పేరు మీద వీసా ఉండగా మరియొకని యొద్ద పనిచేయుట ఆ దేశములలో నేరము కావచ్చును. పట్టుబడినయెడల జరిమానా, చెర, ఇంటికి తిరిగి పంపుట. ఆ వీసా అమ్మినవాడు ఆ దినమున ఫోను ఎత్తడు.

రెండవ భాగము, కనిపెట్టు కాలపు ఖర్చు. అప్పు తెచ్చిన దినమునకును మొదటి జీతము ఇల్లు చేరు దినమునకును మధ్య ఎన్ని నెలలు? వీసా రావలెను, విమానము ఎక్కవలెను, ఒక నెల పనిచేయవలెను, జీతము చేతికి రావలెను. నాలుగు నెలలు సులువుగా గడచును. వడ్డీ మాత్రము మొదటి దినము నుండియే నడచుచుండును.

మూడవ భాగము, అక్కడి ఖర్చు. భోజనము యజమానునిదా, మనదా? గది ఎవరిది? ఫోను, సబ్బు, మందులు, ఇంటికి డబ్బు పంపు రుసుము. జీతమును రూపాయలలోనికి మార్చి చెప్పుట ఏజెంట్లకు అలవాటు. మీరు ఆ దేశపు నాణెములో అడుగుడి. 2024లో కువైటు దినారు దాదాపు 270 రూపాయలు, సౌదీ రియాలు దాదాపు 22 రూపాయలు, ఎమిరేట్సు దిర్హము దాదాపు 23 రూపాయలు ఉండెను. ఇవి హెచ్చుచు తగ్గుచుండును గనుక తక్కువ ధర మీదనే లెక్క వేసికొనుడి.

నాల్గవ భాగము, ఇంటి ఖర్చు. పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రుల మందులు, బియ్యము, కరెంటు బిల్లు. పనిచేయు ఒక మనిషి ఇంటనుండి పోయినప్పుడు ఆ మనిషి కూలియు పోవును. అదియును ఈ భాగములోనే చేర్చవలెను.

3. ఒక లెక్క చూతము

అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతల గ్రంథము చెప్పుచున్నది (22:7). అది ఎట్టి దాస్యమో అంకెలలో చూతము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ అంకెలను మీరు వేసికొనుడి.

ఒకడు 1,20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు వడ్డీ 3,600. నాలుగు నెలలకు 14,400. ఆ నాలుగు నెలలు ఇంటిని నడుపుటకు మరి 16,000 అప్పు తెచ్చిరి. (దాని వడ్డీని ఇప్పటికి విడిచిపెట్టుదము.) మొదటి జీతము వచ్చునాటికి అప్పు మొత్తము 1,50,400.

జీతము 25,000 అనుకొందము. అక్కడ భోజనమునకు 6,000, ఫోనుకు తదితరములకు 1,500, ఇంటికి 8,000 పోగా మిగులునది 9,500. దానినంతటిని తప్పక అప్పునకు కట్టుచు వచ్చెననుకొందము. మొదటి నెల కట్టిన 9,500లో 4,512 వడ్డీకే పోవును. అసలులో తగ్గునది 4,988 మాత్రమే. ఈ ప్రకారము కట్టుచుపోగా అప్పు తీరుటకు 22 నెలలు పట్టును.

ఒప్పందము రెండేండ్లు, అనగా 24 నెలలు. మొదటి రెండు నెలలు జీతము ఇల్లు చేరకయే గడచెను. మిగిలినవి 22. అనగా ఆ మనుష్యుడు రెండేండ్లు ఎండలో పనిచేసి, ఒక్క నెల జబ్బుపడక, ఒక్క పండుగ చేయక, ఒక్క రూపాయి దాచుకొనక, బయలుదేరిన చోటికే తిరిగివచ్చును. ఒక నెల జీతము తప్పినయెడల అక్కడికి కూడ రాలేడు.

ఇప్పుడు రెండవ లెక్క. మరియొకడు లైసెన్సు గల ఏజెంటుకు చట్టప్రకారము ఇచ్చి, అన్ని ఖర్చులతో కలిపి 60,000తో బయలుదేరెననుకొందము. ఆ సొమ్మును భార్య పొదుపు సంఘములో నూటికి ఒక రూపాయి వడ్డీకి తెచ్చెను. నాలుగు నెలల వడ్డీ 2,400, ఇంటి ఖర్చు 16,000. మొత్తము 78,400. అదే జీతము, అదే మిగులు. ఇతని అప్పు 9 నెలలలో తీరును. మిగిలిన 13 నెలలలో నెలకు 9,500 చొప్పున 1,23,500 దాచుకొనవచ్చును.

ఇద్దరి కష్టము ఒకటే, ఇద్దరి జీతము ఒకటే, ఇద్దరి ప్రార్థన కూడ ఒకటే కావచ్చును. ఒకడు కూర్చుండి లెక్క చూచెను. సహోదరుడు బయలుదేరిన దినమున నేను అడుగవలసిన ఒక్కమాట ఇదే: "తమ్ముడా, ఈ అప్పు ఎన్ని నెలలకు తీరును?" ఈ ప్రశ్నకు అంకెతో ఉత్తరము చెప్పలేనివాడు ఇంకను బయలుదేరుటకు సిద్ధపడలేదు.

4. యాకోబు జీతము

యాకోబు పరదేశమందు మేనమామ యింట ఇరువది సంవత్సరములు పనిచేసెను. పగటి ఎండకును రాత్రి మంచుకును ఓర్చెను. తన జీతము పదిమారులు మార్చబడెనని అతడు మొరపెట్టెను (ఆదికాండము 31:38–42). సొంత బంధువే ఆలాగు చేసినప్పుడు, ముఖము ఎరుగని యజమానుని విషయములో మనము వ్రాతను కోరుట తప్పు కాదు.

ఒప్పందములో ఇవి చూడుడి: పని ఏది, జీతము ఎంత, ఏ నాణెములో, దినమునకు ఎన్ని గంటలు, వారమునకు సెలవు ఉన్నదా, భోజనము గది ఎవరివి, పోవునప్పుడు వచ్చునప్పుడు విమాన టిక్కెట్టు ఎవరిది. ఎమిరేట్సులో 2021 నాటి కార్మిక చట్టము ప్రకారము పనిలో చేర్చుకొను ఖర్చులను యజమానుడు పనివాని యొద్ద వసూలు చేయరాదు. అట్టి చోట టిక్కెట్టునకును వీసాకును మన యొద్ద డబ్బు అడుగువాడు ఎందుకు అడుగుచున్నాడో ప్రశ్నింపుడి. చదువనేరని కాగితము మీద వ్రేలిముద్ర వేయకుడి. చదువనేర్చిన వారిచేత తెలుగులో చెప్పించుకొనుడి. ఒప్పందమునకు, పాస్‌పోర్టునకు, వీసాకు నకళ్లు తీయించి ఒకటి ఇంట, ఒకటి పాదిరిగారి యొద్ద ఉంచుడి.

మన తెలుగువారికి ఇది నేటి పాఠము కాదు. 1860లో మద్రాసు నుండి ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలునకు మొదటిసారి కూలీలను తీసికొనిపోయెను. తరువాతి సంవత్సరములలో తెలుగువారు అనేకులు అక్కడికి వెళ్లిరి. వారిలో క్రైస్తవులును ఉండిరి. ఆ తెలుగు బాప్తిస్టుల ఆత్మీయ సేవకై 1903లో ఇక్కడి తెలుగు సంఘములు జాన్ రంగయ్యగారిని నేటాలునకు పంపినవి. మన పల్లెటూరి కానుకలతో సముద్రము దాటిన సేవ అది.

ఆ కూలీల ఒప్పందము ఐదేండ్లకు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతము. 1895లో అక్కడి ప్రభుత్వము ఒక చట్టము చేసెను. దాని ప్రకారము, ఆ తరువాత వచ్చినవారు గడువు తీరిన పిమ్మట తిరిగి ఇండియాకు పోకయు, మరల ఒప్పందము వ్రాయకయు అక్కడ నిలిచినయెడల ఏటేట మూడు పౌనుల పన్ను కట్టవలెను. ఇరువది షిల్లింగులు ఒక పౌను గనుక మూడు పౌనులనగా అరువది షిల్లింగులు, అనగా మొదటి ఏటి జీతములో ఆరు నెలల సొమ్ము. కొన్ని ఏండ్లకు వారి పిల్లలమీద కూడ ఆ పన్ను వేసిరి. గాంధీగారు నడిపిన పోరాటము తరువాత 1914లో అది రద్దాయెను. బయలుదేరు దినమున రేవులో నిలిచిన ఆ కూలికి పది షిల్లింగులు వినబడెను. ఐదేండ్ల తరువాతి సంగతి అతనికి ఎవరు కూర్చుండబెట్టి చెప్పిరి? నేడు చెప్పుటకు సంఘము ఉన్నది. చెప్పవలసిన భారము మనమీద ఉన్నది.

5. ఇంట నిలిచినవారు

ఎజ్రా వెండిని ఒక్కని చేతికి ఇయ్యలేదు, పన్నెండుమందికి అప్పగించెను. పుచ్చుకొన్నవారు గమ్యమందు లెక్క అప్పగించిరి. పరదేశము నుండి వచ్చు డబ్బు కూడ అట్టిదే. దానిని పంపిన చేయి ఎంత కష్టపడినదో పుచ్చుకొన్న చేయి మరువకూడదు.

ఈ విషయములో సూటిగా వ్రాయక తప్పదు. తల్లి పరాయి ఇంట అంట్లు తోమి పంపిన డబ్బు ఇక్కడ సారా దుకాణములో కరిగిపోయిన ఇండ్లు నేను చూచితిని. అన్న పంపిన డబ్బుతో తమ్ముడు మోటారు సైకిలు కొని, అప్పులవాని వడ్డీ కట్టక దాటవేసిన ఇండ్లును చూచితిని. ఆమె ఇల్లు చేరునప్పటికి పిల్లలు ఆమెను గుర్తుపట్టలేదు, బ్యాంకు పుస్తకములో ఏమియు లేదు. తన యింటివారిని పోషింపనివాని గూర్చి అపొస్తలుడు ఎంత కఠినముగా వ్రాసెనో చదువుడి (1 తిమోతి 5:8). అది పరదేశము వెళ్లినవారికి మాత్రమే కాదు, ఇంట నిలిచినవారికిని వర్తించును.

కాబట్టి బయలుదేరుటకు ముందే వ్రాసికొనుడి: నెలకు ఎంత వచ్చును, అందులో అప్పునకు ఎంత, బియ్యమునకు ఎంత, బడికి ఎంత, దాచునది ఎంత. వెళ్లు స్త్రీ తన పేరుననే ఒక బ్యాంకు ఖాతా ఉంచుకొని, దాచు సొమ్మును అందులోనే వేయవలెను. ఇంటి ఖర్చునకు మరియొక ఖాతా. అప్పు కట్టిన ప్రతిసారి రసీదు తీసికొని, ఫోటో తీసి ఆమెకు పంపవలెను. ఇది అనుమానము కాదు. యెరూషలేములో నాల్గవ దినమున తూచినప్పుడు యాజకులలో ఎవరును నొచ్చుకొనినట్లు వ్రాయబడలేదు.

మ్రొక్కుబడులను గూర్చి ఒక మాట. వెళ్లుటకు ముందు కృతజ్ఞత కూడిక పెట్టి, ఊరంతటికి భోజనము పెట్టుటకు పదివేలు అప్పు చేయు ఆచారము మనలో వచ్చినది. మీ పాదిరిగా చెప్పుచున్నాను, అది అక్కరలేదు. మీతో కలసి మోకరించుటకు వచ్చినవారికి సంఘమే టీ ఇచ్చును. మొదటి జీతములోనుండి, అప్పు వాయిదా కట్టి, సంతోషముతో పంపిన నూరు రూపాయలు అప్పు తెచ్చి పెట్టిన బిర్యానీ కంటె మంచి కానుక.

6. తిరిగివచ్చు దారి

ఎలీమెలెకు కరవు నిమిత్తము మోయాబునకు వెళ్లినప్పుడు కొంతకాలముండి వచ్చుటకే వెళ్లెను. నయోమి పది సంవత్సరములకు భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని వచ్చి, నిండుగా పోయితిని, వట్టిదానిగా వచ్చితినని ఏడ్చెను (రూతు 1వ అధ్యాయము). వెళ్లుట తప్పని ఈ గ్రంథము చెప్పదు. ఆమె తిరిగివచ్చిన దారిలోనే దేవుడు రూతును ఆమెకు ఇచ్చెను. అయితే తిరుగు ప్రయాణము మన ఇష్టముచొప్పుననే రాదని మనకు నేర్పుచున్నది.

1990 ఆగస్టులో ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినప్పుడు అక్కడి మనవారు ఒక్క రాత్రిలో జీతములను, సామానులను విడిచి బయటపడవలసివచ్చెను. తరువాతి వారములలో లక్షన్నరకు పైగా భారతీయులను విమానముల మీద తెచ్చిరి. 2020లో కరోనా కాలమున ఎందరో పని పోయి, టిక్కెట్టునకు డబ్బు లేక నెలల తరబడి గదులలో నిలిచిపోయిరి. కాబట్టి అక్కడ చేరిన పిమ్మట మొదట దాచవలసినది తిరుగు టిక్కెట్టు సొమ్ము. దానిని ఎవరికిని బదులియ్యకుడి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన అను బీమా ఉన్నది. వలస అనుమతి కావలసినవారికి ఇది తప్పనిసరి. 2017 నాటి ఏర్పాటు ప్రకారము రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదములో మరణము లేక శాశ్వత అంగవైకల్యము కలిగినయెడల 10 లక్షల రూపాయలు. విజిట్ వీసా మీద దొంగదారిని వెళ్లినవారికి ఈ రక్ష ఉండదు. పాలసీ కాగితములో నామినీ పేరు సరిగా వ్రాయించి, నకలు ఇంట ఉంచుడి. ఆ మాట మాటలాడుటకు నోరు రాదు, నిజమే. యోసేపు కూడ తన ఎముకలను గూర్చి ముందుగానే చెప్పి ఉంచెను (ఆదికాండము 50:25). అది అతని విశ్వాసమునకు గుర్తుగా ఎంచబడెను (హెబ్రీ 11:22).

ముగింపు

ఇప్పుడు ఎవరైనను పాస్‌పోర్టు తెచ్చినప్పుడు నేను, "లెక్క పుస్తకము కూడ తెచ్చితిరా?" అని అడుగుచున్నాను. మొదట కొందరు నొచ్చుకొనిరి. గత సంవత్సరము ఒక సహోదరి తన భర్తతో వచ్చి నా ఎదుట కూర్చుండెను. బడిపిల్లల నోటుపుస్తకములో నాలుగు భాగములు వ్రాసితిమి. చివర అప్పు తీరుటకు 21 నెలలని తేలెను. భర్త చాలసేపు మాటలాడలేదు. ఆమె, "అయితే ఇప్పుడే వద్దు అయ్యగారూ" అనెను. పొదుపు సంఘములో ఆమె పాత వాయిదా తీరువరకు ఎనిమిది నెలలు ఆగి, తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకొని, ప్రభుత్వ సంస్థ ద్వారా వెళ్లెను. ఆమె కష్టము తక్కువ కాలేదు. రాత్రులు పిల్లల కొరకు ఏడ్చుచున్నానని ఫోనులో చెప్పుచున్నది. అయితే ఎన్ని నెలలు ఏడ్వవలెనో ఆమెకు తెలియును. గోడమీది క్యాలెండరులో ఆమె కొట్టివేయు ప్రతి నెల నిజముగా తగ్గుచున్న నెల.

మనలను నడిపించు ప్రభువు అహవా నది యొద్ద ప్రార్థన విన్నవాడు, త్రాసును కూడ చూచినవాడు. ఆయన మనతో సముద్రము దాటును.

కుటుంబ కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. ఎజ్రా సైనికులను అడుగలేదు గాని వెండిని తూచెను. ఈ రెండింటికి భేదమేమి?
2. మన ఊరినుండి పరదేశము వెళ్లినవారి అప్పు సాధారణముగా ఏ వడ్డీకి తెచ్చినది? ఎన్ని నెలలకు తీరినది? వారినే అడిగి తెలిసికొనుడి.
3. పైని చెప్పిన నాలుగు భాగములలో మన ఇంట ఎప్పుడును వ్రాయనిది ఏది?
4. తల్లి లేక తండ్రి పరదేశములో ఉన్న పిల్లలు మన సండే స్కూలులో ఎందరు? వారి కొరకు సంఘము ఏమి చేయుచున్నది?
5. బయలుదేరువారి లెక్క చూచుటకు మన సంఘములో ఇద్దరు నమ్మకమైనవారిని ఏర్పరచుదుమా?

ప్రార్థన

పరదేశులను కాపాడు తండ్రీ, పొట్టకూటి కొరకు సముద్రము దాటిన మా బిడ్డలను నీ చేతికి అప్పగించుచున్నాము. బయలుదేరువారికి కూర్చుండి ఆలోచించు నెమ్మదిని దయచేయుము. వారి జీతమును బిగబట్టువారి హృదయములను కదిలించుము. ఇంట నిలిచిన మాకు నమ్మకమైన చేతులనిమ్ము. అడుగవలసిన మాటను అడుగక పోయిన మా సోమరితనమును క్షమించుము. వెళ్లినవారిని క్షేమముగా మా మధ్యకు తిరిగి తెమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.